పేడ దిబ్బను జరిపాక: తొమ్మిది ఆవుల కొట్టానికి నీళ్లు, కరెంటు సమకూర్చుకున్న తీరు

మాది హొసకోట తాలూకా. బెంగళూరు నుంచి కోలారు వెళ్లే రహదారికి నాలుగు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది ఊరు. మూడు తరాలుగా ఇంట్లో తెలుగు, పాల సొసైటీలో కన్నడం. తొమ్మిది హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర జాతి ఆవులు, నాలుగు దూడలు ఉన్నాయి. మామగారికి మోకాళ్లు సహకరించక కొట్టం పని నా చేతికి వచ్చి ఆరేళ్లయింది.

వచ్చిన మొదటి వేసవిలోనే రెండు దూడలకు విరేచనాలు పట్టుకున్నాయి. మందు వేస్తే తగ్గేవి, పది రోజులకు మళ్లీ మొదలయ్యేవి. పాలిచ్చే ఆవులు తొట్టిలో మూతి పెట్టి, సగం తాగి తల ఎత్తేసేవి. చూడడానికి వచ్చిన పశువైద్యుడు దూడ కన్నా ముందు తొట్టి దగ్గరకు నడిచారు. లోపలి గోడను వేలితో గీకి ఆకుపచ్చ జిగురును చూపించారు. "నీళ్లు ఎప్పుడైనా పరీక్ష చేయించావా తల్లీ?" అని అడిగారు. చేయించలేదు. మీరూ చేయించి ఉండకపోతే, ఫిల్టరు కోసం దుకాణానికి వెళ్లేముందు ఆ పని చేయండి. ఏ జబ్బో తెలియకుండా మందు కొనడం వల్ల డబ్బు ఎలా పోతుందో నాకు తెలుసు. పరీక్ష చేయించకముందు ఒక దుకాణదారు మాకు పెద్ద ఆర్‌వో యంత్రం కొనమని చెప్పాడు. దాదాపు కొనేశాము.

ప్రభుత్వ తాగునీటి పరీక్షా కేంద్రాలు కొద్దిపాటి రుసుముతో మామూలు ప్రజల నీళ్లు కూడా పరీక్షిస్తాయి. బోరు మోటారును పది నిమిషాలు నడిపి, ఆ తరువాత సీసా పట్టండి. సూక్ష్మజీవుల పరీక్షకు వాళ్లిచ్చే శుభ్రమైన సీసాయే వాడాలి. ఐసు ముక్కల మధ్య పెట్టి అదే రోజు చేర్చాలి. మా నీళ్లకు వచ్చిన లెక్క ఇది: టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల మొత్తం, 1,180, కాఠిన్యం 640, ఫ్లోరైడు 1.1, నైట్రేటు 92, అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో. దానితోపాటు మలసంబంధమైన సూక్ష్మజీవులు ఉన్నాయని కింద ఒక వాక్యం.

ఈ అంకెలను చదవడం నేర్చుకోవాలి, ఎందుకంటే మనుషుల కొలత వేరు, పశువుల కొలత వేరు. భారత ప్రమాణాల ప్రకారం మన తాగునీటిలో టీడీఎస్ 500 లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. పాడి ఆవుకు 3,000 వరకూ ఇబ్బంది లేదు. కాబట్టి ఉప్పదనం మా ఆవుల సమస్య కాదు, ఆర్‌వో అక్కర్లేదు. పైగా చిన్న ఆర్‌వో యంత్రాలు లోపలికి తీసుకున్న నీళ్లలో సగానికి పైగా బయటికి వదిలేస్తాయి. రోజుకు వెయ్యి లీటర్లు తాగే కొట్టంలో అంత నీరు పారబోయడం ఈ కరువు తాలూకాలో చేయకూడని పని. కాఠిన్యం ఆవుకు హాని చేయదు. పాలు పితికే యంత్రం గొట్టాల్లో తెల్లటి పొర కడుతుంది, వారానికి ఒకసారి ఆమ్లపు ద్రావణంతో కడిగితే పోతుంది.

నైట్రేటు సంగతి వేరు. మన తాగునీటిలో దాని హద్దు 45. ఆవు పొట్టలో అది నైట్రైటుగా మారి రక్తంలోకి చేరుతుంది, మోతాదు మించితే రక్తం ప్రాణవాయువును మోయలేక చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. వాన సరిగా లేక వాడిన జొన్న చొప్పలోనూ నైట్రేటు ఉంటుంది, కాబట్టి మేతలోది, నీళ్లలోది కలిసి పడతాయి. ఇలాంటి నీళ్లు పట్టే పసిపిల్లలకు ఇది ఇంకా ప్రమాదం. అప్పుడు మా ఆడపడుచు పురిటికి మా ఇంట్లోనే ఉంది. నీళ్లు కాచి ఇస్తే చాలనుకున్నాను. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, నైట్రేటు మాత్రం పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆ రాత్రే ఇంటి మట్టుకు వేరే నీళ్లు తెప్పించాము.

ఇంతకూ నైట్రేటు ఎక్కడిది? మా బోరు 1,100 అడుగులు. అంత లోతుకు పైనున్న మురికి ఎలా దిగుతుందని మామగారు ఒప్పుకోలేదు. కానీ బోరు గోడ కూలకుండా దింపే కేసింగ్ పైపు ఉన్నది పైనున్న ఎనభై అడుగులే. ఆ పైపు చుట్టూ సిమెంటు లేదు, మట్టి కుంగి గుంట పడి ఉంది. అక్కడి నుంచి ఇరవై అడుగుల దూరంలో, ఎత్తువైపున, ముప్పై ఏళ్లుగా మా పేడ దిబ్బ ఉంది. కొట్టం కడిగిన నీళ్లు, మూత్రం ఆ దిబ్బ కిందకే పారేవి. వాన పడిన మర్నాడు బోరు చుట్టూ ఉన్న గుంటలో టీ రంగు నీళ్లు నిలిచేవి. వాటిని ఆయనకే చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. మర్నాడు ఉదయం తానే కూలీలను పిలిచి దిబ్బ ఎత్తించారు.

అందుకే నేను చెప్పే మొదటి పని ఇది, దీనికి యంత్రాలేమీ అక్కర్లేదు. పేడ గుంతను బోరుకు కనీసం వంద అడుగుల దూరంలో, పల్లపువైపు పెట్టండి. బోరు చుట్టూ నాలుగు అడుగులు తవ్వి, పైపును ఆనుకుని బంకమన్ను దట్టించి, పైన బయటికి వాలుగా సిమెంటు గచ్చు వేయండి. పైపు మూతి గచ్చుకు అడుగున్నర పైన ఉండాలి. మాకు మూడు రోజుల పని పట్టింది. ఆ ఒక్క పనితో, రెండేళ్లకు, 92 ఉన్న నైట్రేటు 61కి దిగింది. భూమిలోకి ఒకసారి చేరినది నెమ్మదిగానే పోతుంది, ఓపిక పట్టాలి.

మిగిలిన దాన్ని వాన నీటితో పలుచన చేస్తున్నాము. వాన నీటిలో నైట్రేటు దాదాపు ఉండదు. 92 ఉన్న నీటికి సమానంగా వాన నీరు కలిపితే 46, 61కి కలిపితే 30 చిల్లర. ఇంతకన్నా చవకగా నైట్రేటు తగ్గించే దారి నాకు దొరకలేదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. బెంగళూరు చుట్టుపక్కల ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్లు పడుతుంది. మా కొట్టం రేకుల కప్పు వంద చదరపు మీటర్లు. చిందినది, ఆవిరైనది ఐదో వంతు తీసేసినా 77,000 లీటర్లు. దానికి ఇంటి డాబా నీళ్లు కూడా కలిపి, ప్లాస్టిక్ షీటు పరిచిన నీటి కుంటలోకి మళ్లించాము. ఇక్కడ దాన్ని కృషి హొండ అంటారు. పైన పది మీటర్ల పొడవు, పది వెడల్పు, మూడు మీటర్ల లోతు, ఏటవాలు గట్లు, కాబట్టి లక్షన్నర లీటర్లు పడుతుంది. పైన పచ్చటి నీడ వల కట్టకపోతే వేసవి ఎండకు నీరు ఆవిరైపోతుంది, నాచు కూడా పడుతుంది. చుట్టూ కంచె తప్పనిసరి. ప్లాస్టిక్ గట్టు మీద కాలు జారితే పిల్లలే కాదు, పెద్దలూ పైకి రాలేరు. ఒక తాడు కట్టి నీళ్లలోకి వేలాడదీసి ఉంచండి. వానాకాలపు మొదటి వాన నీళ్లను కుంటలోకి రానివ్వకండి, కప్పు మీది దుమ్ము, పక్షుల రెట్ట దానితోనే కొట్టుకొస్తాయి.

ఏడెనిమిది నెలలు సగానికి సగం కలపడానికి ఈ నీరు చాలుతోంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మూడో వంతే కలపగలుగుతున్నాము.

కుంట నీళ్లను నేరుగా తొట్టిలో పోయకూడదు. దానికి ఇసుక వడపోత కట్టుకున్నాము. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మూడు అడుగుల వెడల్పున్న బావి వరలు ఐదు తెచ్చి, గచ్చు మీద ఒకదానిపై ఒకటి పేర్చి, అతుకులకు సిమెంటు పూయించాము. అట్టడుగున చిల్లులు పెట్టిన పీవీసీ గొట్టం వేసి, దాని చివర బయటికి తీయాలి. దానిపై ఎనిమిది అంగుళాలు కంకర, పెద్దది కింద, చిన్నది పైన. దానిపై నాలుగు అంగుళాలు ముతక ఇసుక. ఆపైన రెండున్నర అడుగులు సన్న ఇసుక. ఇప్పుడు ఏటి ఇసుక దొరకడం కష్టం, మేము రాతి పొడి ఇసుకనే దోమతెర మీద జల్లించి వాడాము. అందులో దుమ్ము చాలా ఉంటుంది. బకెట్లో పోసి, నీళ్లు నింపి, చేత్తో కలిపి పారబోయాలి. అలా ఎన్నిసార్లంటే, ఒక గుప్పెడు ఇసుకను గాజు సీసాలో వేసి నీళ్లతో ఊపి పెడితే, నాలుగైదు సెకన్లలో పైనున్న నీటిలోంచి అవతలి అక్షరాలు చదవగలిగేంత వరకు. మాకు రెండు రోజులు పట్టింది. ఇక్కడ తొందరపడితే వడపోత నెల తిరక్కుండా పూడుకుపోతుంది.

బయటికి వచ్చే గొట్టాన్ని కిందనే కుళాయిగా పెట్టకండి. దాన్ని పైకి లేపి, ఇసుక పైమట్టం కన్నా రెండు అంగుళాలు ఎత్తున వంచండి. అప్పుడు లోపలికి నీళ్లు రాకపోయినా ఇసుక ఎండదు. ఇది ముఖ్యం, ఎందుకంటే నీటిని శుభ్రం చేసేది ఇసుక ఒక్కటే కాదు. రెండు మూడు వారాలకు ఇసుక పైన గోధుమ రంగులో ఒక సన్నని జిగురు పొర పుడుతుంది. వేలితో తాకితే పాల మీగడలా కదులుతుంది. అందులో బతికే జీవులే నీటిలోని చెడ్డ సూక్ష్మజీవులను తినేస్తాయి. ఒక పూట ఎండినా అవి చస్తాయి, మళ్లీ మూడు వారాలు ఆగాలి. అందుకే క్లోరిన్ కలిపిన నీళ్లు ఎప్పుడూ ఇందులో పోయకూడదు.

వేగం గంటకు అరవై, డెబ్భై లీటర్లు దాటనివ్వకండి. సన్నని ధారగా రేయింబవళ్లు కారుతూ ఉండాలి. చదరపు మీటరు వైశాల్యానికి గంటకు వంద నుంచి రెండు వందల లీటర్లు అనేది ఈ వడపోత పద్ధతి లెక్క. మా వరల వైశాల్యం 0.65 చదరపు మీటర్లు. తక్కువ వేగం మీద కూడా రోజుకు 1,500 లీటర్లు వస్తాయి. ధార బాగా సన్నబడినప్పుడు నీటిని ఇసుక మట్టానికి దించి, పై పొరను ఒక అంగుళం లోపు తాపీతో గీకి తీసేయాలి. ఆ తరువాత రెండు వారాల పాటు నీళ్లను నమ్మకండి, క్లోరిన్ వేసే వాడండి. నైట్రేటు, ఉప్పు, ఫ్లోరైడు ఈ వడపోతలో పోవు.

వానకాలంలో కుంట నీరు మరీ ఎర్రగా ఉంటే ముందు ఒక డ్రమ్ములో తేర్చాలి. పటిక ముక్కను తాడుకు కట్టి నీళ్లలో పది చుట్లు తిప్పి రాత్రంతా వదిలేస్తాము. మా అత్తయ్య పుట్టింట్లో చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసేవారట. అదీ పనిచేస్తుంది, కాని ఐదు వందల లీటర్లకు గింజలు అరగదీయడం మనిషి వల్ల కాదు.

వడపోత దాటిన నీళ్లు, బోరు నీళ్లు పై ట్యాంకులో కలుస్తాయి. వెయ్యి లీటర్లకు మూడు గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు. చెంబులో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేటను మాత్రమే ట్యాంకులో పోయండి. అరగంట తరువాత క్లోరిన్ పట్టీతో చూస్తే లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. తెరిచిన బ్లీచింగ్ సంచి వారాలు గడిచే కొద్దీ సత్తువ కోల్పోతుంది. కిలో డబ్బాలు కొని గట్టిగా మూత పెట్టుకోండి. తొట్లను పదిహేను రోజులకు ఒకసారి కడిగి, ఎండబెట్టి, లోపల సున్నం కొట్టండి. నాచు పట్టదు. ఇన్ని చేసినా తొట్టి కడగకపోతే దూడకు దక్కేది ఆ పాత జిగురే.

ఇక కరెంటు. మా అవసరం మీకు చెబితే మీ అవసరం లెక్క వేసుకోగలరు. తెల్లవారుజామున ఐదింటికి పితికే యంత్రం నడవాలి. కరెంటు పోతే తొమ్మిది ఆవులను చేత్తో పితకడానికి నా రెండు చేతులూ చాలవు, పొదుగులో పాలు నిలిస్తే పొదుగువాపు వస్తుంది. మొదట డీజిల్ జనరేటరు అద్దెకు తెచ్చుకునేవాళ్లం. అప్పటికే పేడ దిబ్బను ఎత్తించి, పేడ ఎక్కడ వేయాలా అని వెతుకుతున్నాము.

పేడతో నీళ్లు, వెలుగు రెండూ తెచ్చిన ఊరు ఒకటి మన కర్ణాటకలోనే ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లో ఆచార్య అమూల్య కె.ఎన్. రెడ్డి గారు 1974లో పల్లెలకు పనికొచ్చే సాంకేతికత కోసం ఆస్త్ర అనే విభాగాన్ని మొదలుపెట్టారు. వాళ్ల పనితోనే 1987లో తుమకూరు జిల్లా కుణిగల్ తాలూకాలోని పుర గ్రామంలో ఊరందరి పేడతో గ్యాసు తీసి, ఐదు కిలోవాట్ల డీజిల్ ఇంజనుకు పట్టించి, బోరు నీళ్లు, ఇళ్లలో దీపాలు ఇచ్చారు. ఇది విన్నాక మా పేడను చూసే చూపు మారింది.

లెక్క ఇలా వేయండి. పాతిక కిలోల తాజా పేడకు సుమారు ఒక ఘనపు మీటరు గ్యాసు. మా కొట్టంలో రోజుకు 150 కిలోలు చేతికి వస్తుంది, అంటే ఆరు ఘనపు మీటర్లు. వంటకు, పాల క్యాన్లు కడిగే వేడి నీళ్లకు రెండు పోతాయి. మిగిలిన నాలుగు కరెంటు తీసే ఇంజనుకు. మంచి ఇంజను ఒక ఘనపు మీటరుకు ఒకటిన్నర యూనిట్లు దాటి ఇస్తుంది. మా చిన్న ఇంజను ఒకటింబావే ఇస్తోంది. అంటే రోజుకు ఐదు యూనిట్లు. ఒక హెచ్‌పీ పితికే యంత్రం రెండు గంటలు, రెండు హెచ్‌పీ గడ్డి కత్తిరించే యంత్రం ముప్పావు గంట, సంపు నుంచి ట్యాంకుకు ఎక్కించే అర హెచ్‌పీ మోటారు గంటన్నర, అన్నీ కలిపితే మూడు యూనిట్ల చిల్లర. హాయిగా సరిపోతుంది. బోరు మోటారును దీనితో నడపాలని చూడకండి. ఏడున్నర హెచ్‌పీ మోటారు ఈ ఇంజనును ఆర్పేస్తుంది. అది లైను కరెంటు ఉన్నప్పుడే.

గ్యాసు గుంతకు మేము దీనబంధు నమూనా కట్టించాము. 1984లో వచ్చిన ఈ నమూనాలో ఇనుప డ్రమ్ము ఉండదు, అంతా భూమిలో ఇటుక గుమ్మటం. తుప్పు బాధ లేదు. గుమ్మటం కట్టడం మాత్రం మామూలు మేస్త్రీ పని కాదు, ముందు కట్టిన అనుభవం ఉన్నవాడినే పిలవండి. వెంట్రుకంత పగులు ఉన్నా గ్యాసు పోతుంది. చిన్న గుంతలకు ప్రభుత్వ సహాయం దొరకవచ్చు. కట్టడం మొదలుపెట్టక ముందే వ్యవసాయ కార్యాలయంలో అడగండి. పేడకు సమానంగా నీళ్లు కలిపి, రాళ్లు, గడ్డి పీచు ఏరి పోయాలి. బ్లీచింగ్, ఫినాయిల్ కలిసిన కడుగు నీళ్లు, యాంటీబయోటిక్ సూది పడిన ఆవు పేడ ఇందులోకి పోనివ్వకండి, లోపలి జీవులు చస్తాయి. డిసెంబరు, జనవరి చలికి గ్యాసు తగ్గుతుంది. ఆ రోజుల్లో మధ్యాహ్నం ఎండలో వేడెక్కిన నీళ్లు కలుపుతాము, గుమ్మటం మీద గడ్డి పరుస్తాము.

ఇంజనుగా మూడు కేవీఏ పెట్రోలు జనరేటరునే హొసకోటలో ఒక మెకానిక్ గ్యాసుకు మార్చి ఇచ్చాడు. పెట్రోలుతో ఇచ్చే శక్తిలో మూడింట రెండు వంతుల కన్నా ఎక్కువ ఆశించకండి. మోటారు కదిలే క్షణంలో నడిచేటప్పటి కన్నా ఎన్నో రెట్లు లాగుతుంది, కాబట్టి ఒకటి నడిచాకే రెండోది వేయాలి. ఇంజనును పాడుచేసేది గ్యాసులోని హైడ్రోజన్ సల్ఫైడు, కుళ్లిన గుడ్డు వాసన దానిదే. నాలుగు అంగుళాల పీవీసీ గొట్టం మూడడుగులు తీసుకుని, తుప్పు పట్టిన ఇనుప పీచు నింపి, గ్యాసును అందులోంచి పంపండి. పాత్రలు తోమే ఇనుప పీచును ఉప్పు నీళ్లలో ముంచి వారం ఎండబెడితే చక్కగా తుప్పు పడుతుంది. వేసినప్పుడు ఇటుక రంగులో ఉంటుంది. పని అయిపోయేసరికి నల్లగా మారుతుంది. నేను పారదర్శక గొట్టం ముక్క ఒకటి మధ్యలో పెట్టించుకున్నాను, నలుపు అక్కడికి వచ్చిందంటే మార్చే రోజు వచ్చినట్టు. తీసిన పీచు గాలి తగలగానే వేడెక్కుతుంది, గడ్డి వాము దగ్గర పడేయకండి. గొట్టపు దారిలో అన్నిటికన్నా పల్లంలో ఒక కుళాయి పెట్టి, చేరిన తేమను రోజూ వదలాలి.

ప్రాణానికి సంబంధించినవి కొన్ని చెప్పాలి. గ్యాసు గుంతలోకి, గ్యాసు తీశాక మిగిలే పేడ నీళ్లు, అంటే స్లర్రీ, చేరే గుంతలోకి ఎవరూ దిగకూడదు, పడిన వస్తువు కోసమైనా, పడిన మనిషి కోసమైనా. ఆ కుళ్లిన గుడ్డు వాసన గాలి ఎక్కువైతే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది, వాసన లేదంటే ప్రమాదం లేదని కాదు. కారుతోందేమో సబ్బు నురుగుతో చూడాలి, అగ్గిపుల్లతో కాదు. ఇంజను పొగ కొట్టంలోకి రాకూడదు. లైను కరెంటుకు, జనరేటరుకు మధ్య చేంజోవర్ స్విచ్చు తప్పకుండా ఉండాలి. లేకపోతే మన కరెంటు వెనక్కి తీగల్లోకి పోయి, స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది.

సౌర ఫలకాలు కూడా రెండు ఉన్నాయి. కొట్టంలో దీపాలకు, కరెంటు కంచెకు చాలు. ఒక కిలోవాటు ఫలకాలు ఇక్కడ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి, పగటి పనులే ఎక్కువ ఉన్నవారికి అదే సులువు. మాకు అవసరం చీకటి వేళ, అంత బ్యాటరీ కొనలేము.

గ్యాసు తీసినంత మాత్రాన పేడలోని నత్రజని పోదు. అదంతా స్లర్రీలోనే ఉంటుంది. దాన్ని మళ్లీ ఒకేచోట ఇంకనిస్తే మళ్లీ మా బోరులోకే చేరుతుంది. అందుకే స్లర్రీని పల్లపువైపు ఉన్న నేపియర్ గడ్డి మడులకు వంతులవారీగా, ఒక మడికి ఇరవై రోజులకు ఒకసారి పారిస్తాము. ఏ మడికి ఎప్పుడు పారిందో కొట్టం గోడ మీద బొగ్గుతో రాసి ఉంటుంది. గట్టి వాన సూచన ఉన్న రోజు పారించము.

నీటి సీసాలను ఏడాదికి రెండుసార్లు పరీక్షకు పంపుతున్నాను, వేసవి చివర ఒకటి, వానలు తగ్గాక ఒకటి. బోరుది వేరు, తొట్టిది వేరు. ఈసారి తొట్టి నీళ్లలో నైట్రేటు 33 వచ్చింది, సూక్ష్మజీవులు లేవు. దీపావళి తరువాత మళ్లీ పంపాలి.